రోజుకు ఇరవై నిమిషాలతో బొంత కుట్టడం: ఏ బట్ట తీసుకోవాలి, పని ఎలా పంచుకోవాలి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. గుంటూరులో ఇల్లు, విజయవాడలో ఉద్యోగం, రోజూ రైల్లో రాకపోకలు, ఇద్దరు చిన్నపిల్లలు. అమ్మగారి పాత కాటన్ చీరలు పెట్టెడు ఉన్నాయి, వాటితో బొంత కుట్టాలని ఉంది. రోజుకు ఇరవై నిమిషాలు దొరికితే గొప్ప, అదీ ఒక్కసారిగా కాదు. కుదురుతుందా? పాత చీరలు పనికొస్తాయా, కొత్త బట్ట కొనాలా? లోపల దూది పెట్టాలా? మిషన్ తప్పనిసరా?

ముందు సూటిగా జవాబు చెప్తాను. కుదురుతుంది. పూర్తిగా చేత్తోనే కుడితే, రోజుకు ఇరవై నిమిషాల లెక్కన, సింగిల్ మంచానికి సరిపోయే బొంతకు దాదాపు ఏడాది పడుతుంది. పిల్లలు కప్పుకునే చిన్న బొంతకు నాలుగు నెలలు చాలు. మొదటిసారి కాబట్టి చిన్నదే కుట్టమంటాను. పాత చీరలు చక్కగా పనికొస్తాయి, కాకపోతే అన్నీ పనికిరావు, ప్రతి చీరలో అన్ని భాగాలూ పనికిరావు. దూది మన ఊళ్లకు అక్కర్లేదు. మిషన్ ఉంటే సగం పని తేలికవుతుంది, లేకపోతే ఆగిపోయేదేమీ లేదు.

నేను విజయవాడ సత్యనారాయణపురంలో ఇంట్లోనే టైలరింగ్ చేస్తాను. జాకెట్లూ డ్రెస్సులతో పాటు బొంతలు కుట్టడం, నేర్పడం చాలా ఏళ్లుగా ఉంది. నేర్చుకోవడానికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది మీలాంటివాళ్లే: టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు, పసిపిల్లల తల్లులు. తీరిగ్గా మధ్యాహ్నమంతా కూర్చుని కుట్టగలిగినవాళ్లను నేను చాలా తక్కువ చూశాను. అయినా బొంతలు పూర్తవుతూనే ఉన్నాయి.

మధ్యలో వదిలేసినవాళ్లు ఎక్కడ వదిలేశారో గమనిస్తే ఒక సంగతి తెలిసింది. కుట్టడం దగ్గర ఎవరూ ఆగరు. తేల్చుకోవడం దగ్గర ఆగిపోతారు. ఈ రంగు పక్కన ఏది పెట్టాలి, ఈ చీర కోయాలా వద్దా, గడి (చదరంగా కోసే ముక్క) ఎంత కొలత ఉండాలి. ఇలాంటివి ఇరవై నిమిషాల్లో తేలవు. చీరలన్నీ తీసి మంచం మీద పరిచేసరికే టైం అయిపోతుంది, పాప లేస్తుంది, మళ్లీ మడతపెట్టి పెట్టెలో పెట్టేయాలి. మర్నాడు మళ్లీ మొదటికే వస్తుంది. వారం తిరిగేసరికి విసుగొచ్చి పెట్టె అటక ఎక్కుతుంది.

అందుకని తేల్చుకునే పనులన్నీ రెండు మూడు ఆదివారాల్లో ముగించేయండి. రోజూ దొరికే ఇరవై నిమిషాల్లో ఆలోచించుకోవాల్సింది ఏమీ మిగలకూడదు. డబ్బా తెరిచాక చెయ్యి నేరుగా సూది మీదికి పోవాలి. నేను కింద చెప్పేదంతా దీనికోసమే.

ముందు బట్టల సంగతి. ఇది కొంచెం వివరంగానే చెప్పాలి.

చాలామంది రంగుతో మొదలుపెడతారు. నేను మందంతో మొదలుపెట్టమంటాను. పల్చటి మల్‌మల్ పక్కన మందపాటి దుప్పటి గుడ్డ కుడితే, నాలుగు ఉతుకులు పడేసరికి కుట్టు వెంబడి మల్‌మల్ చిరుగుతుంది. బరువైన బట్ట దాన్ని లాగుతూ ఉంటుంది మరి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒక బట్ట పట్టుకుని రుద్దండి, తర్వాత రెండోది. కళ్లు మూసుకుని కూడా తేడా గట్టిగా తెలిసిపోతుంటే ఆ రెండూ పక్కపక్కన పెట్టొద్దు. రంగులు ఎంత బాగా కుదిరినా సరే.

పాత చీరల్ని పగటిపూట కిటికీకి అడ్డంగా పట్టుకుని చూడండి. నేత పలచబడిన చోట వెలుతురు ఎక్కువగా వస్తుంది. సాధారణంగా కుచ్చిళ్లు దోపుకునే చోట, కూర్చునే చోట, మడమ తగిలే కింది అంచు దగ్గర చీర ముందు అరుగుతుంది. లోపలికి దోపుకునే చెరగు వైపు గట్టిగా ఉంటుంది. అనుమానం ఉన్నచోట రెండు బొటనవేళ్లూ దగ్గరగా పెట్టి పక్కలకు లాగండి. పోగులు విడిపోతున్నా, చిన్నగా చిటపట శబ్దం వచ్చినా ఆ భాగం పైపొరకు, అంటే ముక్కలు అతికి కుట్టే, బయటికి కనపడే పొరకు, పనికిరాదు.

అలా పనికిరాని చీర అమ్మగారికి బాగా ఇష్టమైనదైతే పారేయొద్దు. దాన్ని మడతవేసి బొంత మధ్య పొరగా పెట్టండి. మధ్య పొర మీద ఒరిపిడి ఉండదు, పైనా కిందా గట్టి బట్ట కాపాడుతుంది. పటమట నుంచి ఒకావిడ వాళ్లమ్మగారి వెంకటగిరి చీర తెచ్చారు. చేత్తో పట్టుకుంటేనే జారిపోయేంత పల్చగా ఉంది. అయినా పైకి కనపడాల్సిందేనని ఆవిడ పట్టు. పమిట చెంగులోంచి ఒక ముక్క తీసి, దాని వెనక పల్చటి కాటన్ లైనింగు వేసి రెండూ కలిపి ఒకే బట్టలా కోసి బొంత పైపొరలో నడుమ పెట్టాం. మిగతా చీరంతా లోపలి పొరలోకి పోయింది. ఆ బొంత ఇప్పటికీ వాళ్లింట్లో వాడుతున్నారు. లైనింగు వేసే ఈ పద్ధతి మీరూ వాడుకోవచ్చు, కానీ ఒకటి రెండు ముక్కలకే. బొంత అంతా ఇలాగే వేయబోతే బరువు పెరుగుతుంది, పని రెట్టింపవుతుంది.

మీ ఇంట్లో పేరంటాల్లో, వ్రతాల్లో ఇచ్చిన జాకెట్ ముక్కలు కూడా పోగుపడి ఉంటాయి. ప్రతి ఇంట్లోనూ ఉంటాయి. రంగులు చూడముచ్చటగా ఉంటాయి కాబట్టి వాటి మీదికి చెయ్యి పోతుంది. వాడే ముందు ప్రతిదాన్నీ కాల్చి చూడండి. అంచునుంచి నాలుగు పోగులు లాగి, పటకారుతో పట్టుకుని, సింకు దగ్గర అగ్గిపుల్ల అంటించండి. కాగితం కాలిన వాసన వచ్చి మెత్తటి బూడిద రాలితే నూలు. కరిగి గట్టి పూసలా మిగిలితే పాలిస్టర్. రెండూ కనపడితే మిక్సింగు. పాలిస్టర్ చెమట పీల్చదు, వేసవిలో ఒంటికి అంటుకుంటుంది, ఇస్త్రీ వేడికి ముడుచుకుపోతుంది. పిల్లల బొంతలో అసలు వద్దు. జార్జెట్, షిఫాన్ చీరలు కూడా అంతే, కోసేటప్పుడే చేతిలోంచి జారిపోతాయి. జరీ అంచులు ఒంటికి గీసుకుంటాయి, ఉతికితే పోగులు లేస్తాయి. వాటిని కత్తిరించి పక్కన పెట్టేయండి.

ఇక రంగు దిగే సమస్య. కొత్త బట్ట ఏదైనా, పాతవాటిలో ఎరుపు, మెరూన్, ముదురు నీలం ఏవైనా, ముందు పరీక్షించాలి. తెల్ల గుడ్డ తడిపి బట్ట మీద గట్టిగా రుద్దండి. తర్వాత చిన్న ముక్క కోసి గాజు గ్లాసులో వేడినీళ్లు, చిటికెడు సర్ఫ్ వేసి అరగంట ఉంచండి. నీళ్లకు రంగు వస్తే ఆ బట్టను విడిగా ఉతికి మళ్లీ పరీక్షించండి. మూడు నాలుగు ఉతుకుల తర్వాత కూడా దిగుతుంటే మానేయండి. ఉప్పు నీళ్లలో నానబెడితే రంగు నిలుస్తుందని మన ఇళ్లలో గట్టి నమ్మకం. అద్దకం అయిపోయిన బట్టకు ఉప్పు ఆ పని చేయదు. నానబెట్టడం వల్ల అంటుకోని రంగు కొంత పోతుంది, అది మామూలు నీళ్లతోనూ పోతుంది. ఉప్పు వేశాం కదా అని ధైర్యంగా తెల్లటి గడి పక్కన ఎర్రటి గడి కుట్టేయొద్దు.

పెడన కలంకారీ గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే మన జిల్లాల్లో బొంత అనగానే అదే గుర్తొస్తుంది. బాగుంటుంది, నాకూ ఇష్టం. కానీ సంప్రదాయ పద్ధతిలో నలుపు రంగును ఇనుప తుక్కు, బెల్లం ఊరబెట్టిన నీళ్లతో చేస్తారు. ఆ ఇనుము ఏళ్లు గడిచేకొద్దీ నూలును తినేస్తుంది. పాత కలంకారీ ముక్కల్లో నల్ల గీతల వెంబడే బట్ట చిరిగిపోవడం చూస్తాం. పాతదైతే నలుపు ఎక్కువగా ఉన్న భాగం వదిలేయండి. కొత్తదైతే ఉతికి, గీతలు సన్నగా ఉన్న డిజైను తీసుకోండి. పెద్ద నెమళ్లూ పెద్ద చెట్లూ ఉన్న అచ్చు నాలుగంగుళాల గడికి కోస్తే తోక ఒకచోట, కొమ్మ ఒకచోట పడి గందరగోళంగా ఉంటుంది. చిన్న బుటాలే మేలు.

మంగళగిరి కాటన్ నేను ఎక్కువగా వాడతాను. నేత దగ్గరగా ఉంటుంది, పోగులు ఊడవు, కుట్టు నిలుస్తుంది. కొత్తలో గంజితో బిర్రుగా ఉంటుంది. చూసి భయపడొద్దు, ఉతికేకొద్దీ మెత్తబడుతుంది. మీరు రోజూ వెళ్లే రైలు మంగళగిరి మీదుగానే పోతుంది కాబట్టి ఒక శనివారం అక్కడ దిగి చేనేత కొట్లలో తీసుకోవచ్చు. కొత్త బట్ట ఏదైనా కోయకముందే తడిపి ఆరేసి ఇస్త్రీ చేయాలి. నూలు బట్ట తడిస్తే మీటరుకు ఒకటి రెండు అంగుళాలైనా కుంచించుకుంటుంది. పాత చీరలు ఏనాడో కుంచించుకుని ఉంటాయి. రెండింటినీ కలిపి కుట్టి తర్వాత ఉతికితే కొత్తది లాక్కుని పాతది ముడతలు పడుతుంది.

రంగుల విషయంలో నేను అందరికీ చెప్పేది ఒక్కటే. ఎరుపా పచ్చా అని చూడకండి, ముదురా లేతా అని చూడండి. బొంతలో డిజైను కనపడేది ఆ తేడా వల్లే. బట్టలన్నీ పక్కపక్కన పరిచి ఫోనులో ఫొటో తీసి, దాన్ని బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చండి. ఫొటోలో ఒకేలా కనిపించేవి బొంతలో కూడా ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. ఎరుపు, ఆకుపచ్చ చాలాసార్లు అలా కలిసిపోయి కొత్తవాళ్లు ఆశ్చర్యపోతారు. ఈ పని పగటి వెలుతురులో చేయండి, ట్యూబ్‌లైటు కింద వద్దు.

మీలా టైం లేనివాళ్లకు నేను ఇచ్చే ప్లాను ఇది. లేత రంగు ఒక్కటే పెట్టుకోండి, బొంత అంతా అదే. మంగళగిరి ప్లెయిన్, గంధం రంగుది. మరీ తెలుపైతే పిల్లల చేతుల్లో మాసిపోతుంది. ముదురు రంగులకు అమ్మగారి చీరల్లోంచి ఐదు ఎంచుకోండి. కొన్ని గళ్లు కలిపి కుట్టిన పెద్ద చదరాన్ని బ్లాకు అంటాం. బ్లాకుకు తొమ్మిది గళ్లు: నాలుగు మూలలూ నడిమి గడీ ముదురు, మిగతా నాలుగూ లేత. అంటే ఐదు చీరల్లోంచి ఒక్కో గడి, గంధం రంగు గళ్లు నాలుగు. ప్రతి బ్లాకూ ఇంతే. ఐదు చీరలకూ ఒకదానితో ఒకటి పొంతన లేకపోయినా ఫర్వాలేదు, మధ్యలో నడిచే ఆ గంధం రంగు వాటన్నిటినీ కలుపుతుంది. ఇక రోజూ ఏ ముక్క పక్కన ఏది అని ఆలోచించే పని ఉండదు. నాలుగు బ్లాకులు కలిసే చోట నాలుగు ముదురు గళ్లు చేరి పెద్ద గడిలా కనిపిస్తాయి, అది అందంగానే ఉంటుంది. ఆ నాలుగూ ఒకే చీరవి పడకుండా చూసుకోండి చాలు.

లెక్క ఇలా ఉంటుంది. గడి కోసేది నాలుగున్నర అంగుళాలు, చుట్టూ పావు అంగుళం కుట్టుకు పోగా తేలేది నాలుగు. బ్లాకు పన్నెండు అంగుళాలు. చిన్న బొంతకు అడ్డంగా 3, నిలువుగా 4, మొత్తం 12 బ్లాకులు. సైజు 36 అంగుళాలు 48 అంగుళాలు. లేత గళ్లు 48, ముదురువి 60, అంటే చీరకు 12. నలభై నాలుగు అంగుళాల పన్నా (వెడల్పు) ఉన్న బట్టలో మీటరుకు 72 గళ్లు వస్తాయి కాబట్టి లేత రంగు ఒక్క మీటరు తీసుకుంటే కుంచించుకుపోగా కూడా మిగులుతుంది. తర్వాత పెద్దది కుట్టాలనుకుంటే 5కు 7, అంటే 35 బ్లాకులు, 60 అంగుళాలు 84 అంగుళాలు. లేత గళ్లు 140, రెండుంబావు మీటర్లు కావాలి. ముదురువి 175, చీరకు 35. అంటే ఒక్కో చీరలో అర మీటరుకు కొంచెం పైన గట్టి భాగం దొరికితే సరిపోతుంది. అడుగు పొరకు ఐదున్నర మీటర్ల చీర ఒక్కటి చాలు: 92 అంగుళాల చొప్పున రెండు ముక్కలు కోసి పక్కపక్కన కలిపితే పెద్ద బొంతకు చుట్టూ వదులు పోగా కూడా వస్తుంది.

కొట్లకు వెళ్లేటప్పుడు చేతిలో నమూనా ఉండాలి. పాత శుభలేఖ అట్ట మీద మీ ఐదు చీరల చిన్న ముక్కలు అతికించి పర్సులో పెట్టుకోండి. విజయవాడలో వన్‌టౌన్ వస్త్రలత వైపు, గుంటూరులో లాలాపేట వైపు బట్టల కొట్లకు కొదవ లేదు, కానీ హోల్‌సేల్ కొట్లలో మీటరు, మీటరున్నర అడిగితే అందరూ కోసివ్వరు. మీకు కావాల్సింది తక్కువ కాబట్టి ఇంటి దగ్గరి మ్యాచింగ్ సెంటరే నయం. జాకెట్లకు వాడే టూ బై టూ కాటన్ అడిగితే చూపిస్తారు. అది కూడా ఇప్పుడు మిక్సింగులో వస్తోంది, ప్యూర్ కాటన్ కావాలని గట్టిగా చెప్పి, పోగు తెచ్చుకుని ఇంట్లో కాల్చి చూశాకే ఎక్కువ తీసుకోండి. అట్ట చేతిలో ఉంటే ఆఫీసు నుంచి వస్తూ పది నిమిషాల్లో ఈ పని అయిపోతుంది. అట్ట లేకుండా వెళ్తే మాత్రం అక్కర్లేని అందమైన బట్టలన్నీ ఇంటికొస్తాయి.

కోయడం ఒక ఆదివారం పెట్టుకోండి. పాత ఎక్స్‌రే ఫిల్ము మీద నాలుగున్నర అంగుళాల గడి, మరొకటి సరిగ్గా నాలుగంగుళాలది కోసిపెట్టుకోండి. పెద్దది కోతకు, చిన్నది లోపల పెన్సిలుతో కుట్టు గీత గీయడానికి. చేత్తో కుట్టేవాళ్లకు ఈ గీత ప్రాణం. గీత మీద పోతే మూలలు వాటంతట అవే కలుస్తాయి. గడి అంచులు పోగు వెంబడి ఉండాలి. చీరలో ముక్క చాలలేదని క్రాసులో, అంటే పోగుకు ఏటవాలుగా, కోస్తే ఆ గడి సాగి బ్లాకు వంకర పోతుంది.

కోత అయ్యాక అదే రోజు సర్దేయాలి. తొమ్మిది గళ్లు కుట్టే వరుసలోనే పేర్చి, చెదరకుండా మధ్యలో ఒక వదులు కుట్టు వేసి, జిప్ కవరులో పెట్టండి. బ్లాకుకు ఒక కవరు. పన్నెండు కవర్లు ఒక స్వీటు డబ్బాలో నిలబెట్టండి. ఇక రోజూ మీరు చేయాల్సింది ముందున్న కవరు తీసుకోవడమే.

బ్లాకులో గడికీ గడికీ మధ్య చిన్న కుట్లు ఆరు, నాలుగంగుళాల చొప్పున. తర్వాత మూడు వరుసల్ని కలిపే పొడవు కుట్లు రెండు. చిన్న కుట్టు చేత్తో ఐదు నిమిషాల పని, పొడవుది పావుగంట. కాబట్టి బ్లాకు గంటలో అవుతుంది, మీ లెక్కన మూడు రోజులు. ఇందులో మీకు నచ్చాల్సిన సంగతి, ఐదు నిమిషాలు దొరికినా ఒక కుట్టు పూర్తవుతుంది, సగంలో వదలక్కర్లేదు. కుక్కర్ విజిల్స్ కోసం ఎదురుచూసే టైంలో ఒక కుట్టు. రైల్లో సీటు దొరికితే కృష్ణా కెనాల్ దాటాక మొదలుపెట్టి నంబూరు వచ్చేలోపు రెండు కుట్లు తేలిగ్గా వేయొచ్చు. రైల్లో చిన్న కుట్లే పెట్టుకోండి, పొడవువి ఇంటి దగ్గర. నిలబడి మాత్రం వద్దు.

రెండు అలవాట్లు చేసుకోండి. ఒకటి, పని ఆపేముందు తర్వాతి కుట్టుకు గుండుసూదులు గుచ్చి ఆపండి. ఆపేటప్పుడు ఎక్కడున్నారో మీకు తెలుసు, మర్నాడు గుర్తుండదు. రెండోది, ఆదివారం రాత్రి ఓ అరడజను సూదులకు దారం ఎక్కించి ఫ్లానెల్ గుడ్డకు గుచ్చిపెట్టుకోండి. దారం మూరెడు చాలు. పొడవెక్కువైతే చిక్కుపడుతుంది, పదేపదే బట్టలోంచి దూరి అరిగిపోతుంది. తేనెమైనం ముక్క మీద ఒకసారి లాగితే జారుగా పోతుంది. ఇంట్లో చిన్నపిల్లలున్నారు కాబట్టి ఒక సంగతి కచ్చితంగా పాటించాలి: ఎన్ని సూదులున్నాయో గుర్తుపెట్టుకుని, లెక్క సరిపోయేదాకా కూర్చున్న చోటు నుంచి లేవొద్దు.

కుట్టు మామూలు పరుగు కుట్టే. అంగుళానికి ఏడెనిమిది పడితే బాగుంటుంది. మొదట్లో, చివర్లో రెండుసార్లు వెనక్కి కుట్టి ముడి వేయండి. కుట్టాక మడతను ముదురు బట్ట వైపు గోటితో ఒత్తండి. ఇస్త్రీ వారానికి ఒకసారి అన్నిటికీ కలిపి చేసుకోవచ్చు.

బ్లాకులన్నీ కలిశాక మళ్లీ ఒక ఆదివారం కావాలి, నేల మీద చోటు కావాలి. అడుగు పొర తిరగేసి పరిచి, లాగి అంచులకు టేపు అంటించి, మీద మధ్య పొర, దాని మీద పైపొర. నడుమ నుంచి బయటికి వెళ్తూ బెత్తెడు బెత్తెడు దూరంలో టాకాలు (పొరలు కదలకుండా తాత్కాలికంగా వేసే పొడవాటి కుట్లు) వేయండి. ఈ పని మాత్రం ముక్కలుగా చేయొద్దు, ఎవరినైనా సాయం పెట్టుకుని ఒక్క విడతలో పూర్తిచేయండి. టాకాలు సరిగా పడితే తర్వాత బొంతను ఎక్కడికైనా తీసుకెళ్లి ఒళ్లో వేసుకుని కుట్టుకోవచ్చు. మధ్య నుంచి అంచులకు, గడి గీతల వెంబడి నాలుగంగుళాల దూరంలో వరుసలు. దీనికి దారం లావుగా ఉండాలి. మామూలు దారమైతే రెండు పేటలు. చిన్న బొంతకు ఈ దశ పద్దెనిమిది గంటల దాకా పడుతుంది, తొందరపడొద్దు.

టాకాల ఆదివారం అసలు దొరకదనుకుంటే ఇంకో దారి ఉంది. కర్ణాటకలో ఉత్తర కన్నడ వైపు సిద్దీ తెగ స్త్రీలు కవంది అనే బొంత కుడతారు. అడుగున చీర పరిచి, అంచు దగ్గర మొదలుపెట్టి, ఒక్కో ముక్కను నేరుగా దాని మీద పెట్టి అంచు మడిచి కుట్టుకుంటూ, చుట్లు చుట్లుగా నడిమికి వస్తారు. విడిగా పైపొర కుట్టడం ఉండదు, టాకాలు ఉండవు, కొలతలు ఉండవు. ముక్కలు అతకడం, పొరలు కలపడం ఒకేసారి అయిపోతాయి. గళ్లు తీరుగా రావాలన్న పట్టింపు లేకపోతే టైం లేనివాళ్లకు చక్కటి పద్ధతి. మీ ప్రశ్నలో చీరలన్నీ వాడాలన్న ఆశ కనిపించింది, అలాంటి ఆశకు ఇదే ఎక్కువ నప్పుతుంది. కాకపోతే కుట్టేకొద్దీ ఒళ్లో బరువు ఉంటుంది, రైల్లో కుదరదు.

దూది సంగతి. విడి దూది వేస్తే వరుసలు బాగా దగ్గరగా కుట్టాలి, లేదంటే ఉతికినప్పుడు ఉండలు కడుతుంది. దానికి మీ దగ్గర టైం లేదు. పాలిస్టర్ షీటు తేలిక, కానీ వేడి. మన దగ్గర బొంత కావాల్సింది డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో, మిగతా ఏడాది ఏసీ గదిలో. దానికి పాత కాటన్ చీర ఒకటి రెండు మడతలుగానో, పాత దుప్పటి ఒకటో మధ్యలో పడితే చాలు. బట్ట కదలదు కాబట్టి నాలుగంగుళాల దూరమూ సరిపోతుంది, తడిసినా మోయగలిగే బరువుంటుంది, ఒక్కరోజు ఎండలో ఆరిపోతుంది.

మిషన్ ఉంటే బ్లాకులు అతకడానికి వాడండి. కవర్లన్నీ తీసి మొదటి కుట్లన్నీ దారం తెంపకుండా ఒకదాని వెనక ఒకటి వేసుకుంటూ పోతే చిన్న బొంత పైపొర మూడు నాలుగు గంటల్లో తేలుతుంది. పొరలు కలిపే కుట్టు మాత్రం చేత్తోనే వేయమంటాను. మామూలు ఇంటి మిషన్ మీద మూడు పొరల బొంతను తిప్పడం కష్టం, అడుగున ముడతలు పడతాయి. దీనికోసమని కొత్త మిషన్ కొనొద్దు. ముందు ఒక బొంత చేత్తో పూర్తిచేయండి, ఆ తర్వాత కూడా కుట్టాలనిపిస్తే అప్పుడు చూద్దాం.

అంచుకు రెండున్నర అంగుళాల పట్టీలు కోసి, నిలువునా మడిచి ఒకవైపు కుట్టి, రెండోవైపుకు తిప్పి హెమ్మింగ్ చేయండి. చిన్న బొంతకు నాలుగైదు పట్టీలు పడతాయి. చీరల్లో జరీ లేని గట్టి అంచులుంటే వాటినే వాడొచ్చు, చాలా అందంగా ఉంటుంది.

మొదటి ఉతుకు చన్నీళ్లలో, విడిగా. ఆరేసేటప్పుడు ఒకే తీగ మీద వేలాడదీస్తే బరువుకు కుట్లు సాగుతాయి, రెండు తీగల మీద పరిచి ఆరేయండి. వానాకాలంలో పెట్టెలో పెట్టేముందు పూర్తిగా ఎండిందో లేదో మడతల్లో చెయ్యి పెట్టి చూడండి, ఎండిన వేపాకు పల్చటి గుడ్డలో కట్టి మధ్యలో ఉంచండి.

మీ చీరల్లోంచి ఏ ఐదు ఎంచుకోవాలో తేలకపోతే, పగటి వెలుతురులో పక్కపక్కన పరిచిన ఫొటో ఒకటి, దాని బ్లాక్ అండ్ వైట్ ఫొటో ఒకటి ఇక్కడ పెట్టండి. ఏవి పైకి, ఏవి లోపలికి, ఏవి అడుగుకు అన్నది చూసి చెప్తాను. ఫొటోలో మందం తెలియదు కాబట్టి ఏది పల్చనో ఏది మందమో పక్కన రాయండి.